కుర్చీల తగువు

జనవరి సెలవులయ్యి బడి తెరిచిన రోజు, నాలుగో తరగతి గదిలోకి వెళ్ళి అలవాటుగా చేతిసంచి కుర్చీకి తగిలించబోయాను. సంచి కింద పడింది. కుర్చీ లేదు. పక్క గదిలోకి తొంగి చూస్తే అక్కడా లేదు. బోర్డు ఉంది, పిల్లల బల్లలున్నాయి, గోడ మూల కెమెరా ఉంది. టీచరు కుర్చీ మాత్రం ఏ గదిలోనూ లేదు.

ఇంటర్వెల్లో ప్రిన్సిపాల్ గారు స్టాఫ్‌రూముకి వచ్చారు. గవర్నమెంటు బడిలో రిటైరయ్యి మా దగ్గర చేరిన పెద్దాయన. మనసుకి నచ్చని మాట చెప్పాల్సి వస్తే మన మొహం చూడరు, కిటికీలోంచి బయటికి చూస్తూ చెబుతారు.

"విజయవాడ నుంచి ఎవరో ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు వచ్చి సార్‌కి చెప్పారంటమ్మా. టీచరు కూర్చుంటే క్లాసు నిద్రపోతుందంట. ఇకనుంచి పీరియడంతా నిలబడే చెప్పాలి."

"మరి కుర్చీలేమయ్యాయండి?" అంది సోషల్ టీచరు.

"స్టాఫ్‌రూమువీ నాదీ కూడా కలిపి తోటకి పంపించారు. కాయలు గ్రేడింగ్ చేసే షెడ్డులోకి."

"అయితే మామిడికాయ కూర్చునే ఏరాలి, పాఠం నిలబడే చెప్పాలి. బాగుందండి," అంది ఆవిడ. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి ఇంకా కాసేపు చూసి వెళ్ళిపోయారు.

సార్ అంటే మా కరస్పాండెంట్ గారు. బడి ఆయనదే. బడి కంటే ముందు నుంచీ బాపులపాడు వైపు మామిడి తోటలున్న రైతు. చెడ్డమనిషి అని రాస్తే నాకు పాపం తగులుతుంది. నా చేతిలో ట్రైనింగ్ కాగితం ఏదీ లేని రోజున, "పిల్లలకి చదవడం రాయడం వస్తే చాలమ్మా, మీరు నేర్పుతారా?" అని ఒక్క మాట అడిగి నన్ను తీసుకున్నది ఆయనే. ఆ మేలు నేను రోజూ ప్రార్థనలో చెప్పుకుంటాను. తగువు నడిచిన రోజుల్లో కూడా మానలేదు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడి దాకా నడిస్తే పెదాలు నీలంగా అయ్యేవి. అందుకని అమ్మే ఇంట్లో చెప్పింది. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని, నన్ను మోకాలికి ఆనించుకుని, పలక తన ఒళ్ళో పెట్టుకుని అక్షరాలు దిద్దించేది. పై పరీక్షలన్నీ ప్రైవేటుగానే కట్టాను. పాఠం చెప్పే మనిషి అనగానే ఈ వయసులో కూడా నా కళ్ళకి కూర్చున్న మనిషే కనబడుతుంది. చిన్నపిల్లవాడి చెయ్యి పట్టుకుని దిద్దించాలంటే వాడి ఎత్తుకి మనం దిగాలి కదా. నిలబడి ఎలా దిగుతాం? ఈ సంగతి ప్రిన్సిపాల్ గారితో అన్నాను కూడా. "నిజమేనమ్మా," అన్నారు, కిటికీ వైపు చూస్తూ.

నేనెలాగో సర్దుకున్నాను. సర్దుకోలేకపోయింది మా లెక్కల టీచరు.

మా అందరిలోకీ పెద్దావిడ. పదో తరగతికి లెక్కలు చెబుతుంది. మా పిల్లల్లో సగంమంది అమ్మలకీ నాన్నలకీ కూడా ఆవిడే చెప్పింది. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. సాయంత్రానికి చెప్పులు పట్టవు. ఆవిడ భర్తకి హనుమాన్ జంక్షన్‌లో లారీల సామాను కొట్టు ఉండేది, అది మూతపడ్డాక ఇల్లు గడిచేది ఆవిడ ఉద్యోగం మీదే. అయినా ఆ ఏడు ఆవిడ బెంగంతా పదో తరగతి మీదే. ఆరో తరగతి నుంచీ చెయ్యి పట్టుకుని తెచ్చిన పిల్లలు, పరీక్షలు దగ్గర పడ్డాయి, వాళ్ళని హాలు గుమ్మం దాకా దిగబెట్టాలి. అదీ ఆవిడ ఆశ.

ఫిబ్రవరిలో ఒకరోజు, పిల్లలకి లెక్క ఇచ్చి, ముందు బల్లలో ఒక పిల్లని కొంచెం జరగమని ఆ చివర కూర్చుంది. ఆ సమయానికి కరస్పాండెంట్ గారు తోటలో పూతకి మందు కొట్టిస్తూ, ఫోనులో బడి కెమెరాలు చూస్తున్నారట. మొదటిసారి చూసి ప్రిన్సిపాల్ గారికి చెప్పి ఊరుకున్నారు. మర్నాడు మళ్ళీ కూర్చుంది. "చెప్పిన మాట వినని మనిషి నాకొద్దు," అన్నారట. సాయంత్రం బెల్లయ్యాక ప్రిన్సిపాల్ గారు ఆవిణ్ణి పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారమ్మా అని చెప్పారు.

ఆవిడ ఏడవలేదు. స్టాఫ్‌రూములో బీరువా తీసి తన స్కేలూ వృత్తలేఖినీ సంచిలో పెట్టుకుంటూ, "కోణాలు ఇంకా రివిజన్ కాలేదు, ఎవరు చెప్తారో," అంది. అంతే.

ఆదివారం అడ్మిషన్ల కోసం పల్లెలు తిరిగొచ్చాక టీచర్లమంతా మా ఇంట్లో చేరాం. నా ఇల్లు మా గుడి వెనకే, చర్చిని మేం గుడి అనే అంటాం. కాఫీ ఇచ్చి కూర్చున్నామో లేదో తలా ఒక దారి చెప్పారు. విజయవాడ లేబరు ఆఫీసుకెళ్దాం అన్నారొకరు. అది తేలేసరికి ఆవిడ పిల్లలు ఇంటరు కూడా పాసైపోతారు అన్నారింకొకరు. సమ్మె చేద్దాం అంటే, పదో తరగతికి పరీక్షల ముందు పాఠం ఆపితే ముందు ఆవిడే మనల్ని కొడుతుంది అని సోషల్ టీచరు అంది. అదీ నిజమే.

అప్పుడు మా కిటికీలోంచి గుడి వరండాలో దొంతరగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు కనబడ్డాయి. ఎవరి నోటినుంచి ముందు వచ్చిందో గుర్తులేదు, అందరం ఒక్కసారే అనుకున్నట్టున్నాం. ఆయన తీసేస్తే మన కుర్చీలు మనం తెచ్చుకుంటే సరి. సంఘ పెద్దని అడిగాను. "వారంలో ఖాళీగానే ఉంటాయి కదమ్మా, మళ్ళీ ఆదివారానికి తెచ్చెయ్యండి," అన్నాడు. సోమవారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో వేసి తీసుకెళ్ళి గదికొకటి వేశాం. ఎంత ధైర్యం వచ్చేసిందో. ఇంగ్లీషు టీచరయితే కాలు మీద కాలేసుకుంది.

మా గుడి కుర్చీల వీపు మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది, దేవుని మందిరమునకు కానుక అని, కింద ఇచ్చిన కుటుంబం పేరు. ఏళ్ళుగా చూసి చూసి మాకది రాతలా కనబడటం మానేసింది. మా బడిలో రోజూ క్లాసు ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలని రూలు. ఆ రోజూ పెట్టాం. మా చేతులతో మేమే పెట్టాం. పిల్లలు ఆకుపచ్చ చార్టు పట్టుకుని నవ్వుతున్నారు, వెనకాల మందిరమునకు కానుక.

మధ్యాహ్నానికి గ్రూపు మండిపోయింది. "ఏంటండీ ఇది, బడిని చర్చి చేశారా?" అని ఒకాయన. "చేస్తే మీకేం పోయింది?" అని మావాళ్ళల్లోనే ఒకాయన. ఇక చూడాలి. కుర్చీ మాట ఎవరికీ లేదు, లెక్కల టీచరు మాట అసలే లేదు. సాయంత్రానికి గేటు దగ్గర నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు. కరస్పాండెంట్ గారు ఫోనులో, "అన్ని మతాలవాళ్ళూ నమ్మి పంపిస్తున్న బడిలో ఇదేంటండీ? ఆవిడ పేరు చెప్పి నా బడి ముయ్యిస్తారా? ఇక ఆవిణ్ణి ఛస్తే తీసుకోను," అన్నారట. ప్రిన్సిపాల్ గారు ఆ మాట చెప్పేటప్పుడు కిటికీ దాకా కూడా వెళ్ళలేదు, తలుపు వైపు తిరిగి చెప్పారు.

మేలు చెయ్యబోయి ఆ తల్లి ఉద్యోగానికి మేకు కొట్టామే అనుకున్నాను. ఫోను చేశాను. ఆవిడ శనివారాలు ఉపవాసం ఉండి వెంకన్నకి దీపం పెట్టుకునే మనిషి. ఏమనుకుంటుందోనని భయం.

"టీచరుగారూ, అన్నీ విన్నాను," అంది. "మీ దేవుడి కుర్చీలో కూర్చునే యోగం ఇంగ్లీషు టీచరుకి పట్టింది గానీ నాకు పట్టలేదు చూడండి." అని నవ్వింది. ఆ నవ్వుకి నేను ఆ రోజే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

కుర్చీలు మళ్ళీ ట్రాలీ ఆటో ఎక్కాయి. వెనక కుర్చీలు పట్టుకుని సోషల్ టీచరూ నేనూ కూర్చున్నాం. ఆవిడ నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. రైతు కుటుంబం, భర్త జి. కొండూరు వైపు తోటలు గుత్తకి పడతాడు. నూజివీడు రోడ్డుకి రెండు పక్కలా మామిడిపూత పిందె కడుతోంది, తోటల్లోంచి మందు వాసన. ఆవిడ ఏదో ఆలోచిస్తూ తోటలవైపే చూస్తోంది.

"అక్కా, కోత ముఠా ఎలా తగువు పడుతుందో మీరెప్పుడన్నా చూశారా?"

"లేదమ్మా."

"ముఠాకీ రైతుకీ తేడా వచ్చిందనుకోండి. కోత ఆపరు. కాయ చెట్టు మీద పండిపోతే ఎవరికి మంచిది? కాయేం పాపం చేసింది? చక్కగా కర్రకి కట్టిన చిక్కంతో ఒక్కోకాయా దించుతారు, దెబ్బ తగలకుండా చెట్టు కింద రాశి పోస్తారు. పోసి, గోనెల మీద కూర్చుంటారు. లారీ ఎక్కించరు. అరుపుల్లేవు, తిట్టుకోవడాల్లేవు. రైతు వస్తాడు. రాక ఏం చేస్తాడు? వచ్చి ఆయనా గోనె మీద కూర్చుంటాడు. నిలబడి మాట్లాడితే ఎవరూ బదులు చెప్పరు. అది తోట పద్ధతి. మా ఆయన ఎన్నిసార్లు కూర్చున్నాడో."

ఆటో గుంతలో పడి కుర్చీలన్నీ మా మీదకి ఒరిగాయి. వాటిని నెట్టుకుంటూ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మర్నాటి నుంచి మేం పాఠం బాగా చెప్పాం. నిజం చెబుతున్నాను, ఆ వారం చెప్పినంత శ్రద్ధగా ఎప్పుడూ చెప్పి ఉండం. నిలబడే చెప్పాం. నోటుబుక్కులు దిద్దాం. లెక్కల పీరియడ్లు కూడా తలా ఒకటి తీసుకుని, ఆవిణ్ణి ఫోనులో అడుగుతూ నెట్టుకొచ్చాం. పాఠం కాని పని మాత్రం ఏదీ ముట్టుకోలేదు. ఫొటో తియ్యలేదు, గ్రూపులో పెట్టలేదు. పొద్దున్న గేటు దగ్గర వరసగా నిలబడి వచ్చిన పిల్లలకి చేతులూపడం మానేశాం. వచ్చే ఏడు అడ్మిషన్ల కోసం ఆదివారాలు పల్లెలకి వెళ్ళి గడప గడపకీ తిరిగేవాళ్ళం, ఆ ఆదివారం బాపులపాడు వెళ్ళాల్సిన వ్యాను ఖాళీగా నిలబడింది. నేను మా గుడిలో మొదటి పాట నుంచి చివరి ప్రార్థన దాకా కూర్చున్నాను. ఎన్నాళ్ళయిందో అలా కూర్చుని.

మొదట భయపడ్డవాళ్ళూ ఉన్నారు మాలో. కుర్చీల గొడవయ్యాక మీ వాళ్ళు, మా వాళ్ళు అనే మాట స్టాఫ్‌రూములో వినబడుతుందేమోనని నేను బెదిరాను. వినబడలేదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు ఎప్పటిలాగే ఒకరి కూర ఒకరం వేసుకున్నాం. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంది. గర్వం కూడదని అమ్మ నేర్పింది. ఈ ఒక్కదానికి మాత్రం నేను దేవుణ్ణి క్షమాపణ అడగలేదు.

తల్లిదండ్రులు అడగడం మొదలుపెట్టారు. ఫొటోలు రావట్లేదేంటండీ, పిల్లలు సరిగ్గా చదువుతున్నారా అని. ప్రిన్సిపాల్ గారు, పాఠాలు బ్రహ్మాండంగా జరుగుతున్నాయండీ అని చెబుతున్నారు, అదీ నిజమే. ఏం తప్పు పట్టాలో ఎవరికీ తెలియలేదు.

సోమవారం సాయంత్రం, పిల్లలు వెళ్ళిపోయాక వరండాలో నేల మీద గోడకి చేరబడి కూర్చున్నాం అందరం. రోజంతా నిలబడ్డ కాళ్ళు. కారొచ్చి ఆగింది. కరస్పాండెంట్ గారు తోట నుంచే వచ్చినట్టున్నారు, బట్టల్లో మందు వాసన, చెప్పులకి మట్టి. నేను అలవాటుగా లేవబోయాను. సోషల్ టీచరు నా కొంగు పట్టుకుని లాగింది.

"కూర్చోండక్కా."

ఆయన నిలబడే అడిగారు. "ఏంటండీ మీ సంగతి? పాఠాలు ఆపలేదంటారు. మరి ఏం చేస్తున్నారు?"

ఎవరూ బదులు చెప్పలేదు. ఆయన ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"అడిగేది మిమ్మల్నే."

సోషల్ టీచరు నేల మీదే కొంచెం జరిగి, తన పక్కన చోటు చేసింది. "కాయ కోశామండి. చెట్టు కింద పెట్టాం. లారీ ఎక్కించలేదు, అంతే."

ఆ మాటకి ఆయన మొహంలో కోపం ఎటుపోయిందో. "ఎవరమ్మాయివమ్మా నువ్వు?"

"జి. కొండూరు దగ్గర తోటలు గుత్తకి పడతారండి మా ఆయన."

"అనుకున్నా. మా మేస్త్రి చేసే పని ఇది. పదిమంది చదువుకున్నోళ్ళున్నారని బడి పెడితే ఇక్కడా ఇదే ఖర్మా?" అంటూనే పంచె సర్దుకుని, స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు ఆయన్నీ మమ్మల్నీ చూసి, ఇక తప్పదనుకున్నారేమో, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని ఆయనా కూర్చున్నారు.

"చెప్పండి," అన్నారు సార్.

అందరూ నా వైపు చూశారు. పెద్దదాన్ని నేనే ఆ పూట. "ముందు లెక్కల టీచరు గారు రావాలండి," అన్నాను. "ఆవిడ సంగతి ఆవిడ లేకుండా మేం మాట్లాడకూడదు." మాట గట్టిగానే వచ్చింది. ఆ గొంతు ఇచ్చినవాడికి వందనాలు.

ఫోను చేస్తే, ఇల్లు రెండు వీధుల అవతలే కాబట్టి, వచ్చింది. మెట్లెక్కి వరండాలోకి వచ్చి, నేల మీద కూర్చున్న కరస్పాండెంట్ గారిని చూసి ఆగిపోయింది.

"రండి టీచరు గారూ, కూర్చోండి," అన్నారు ఆయన.

"నేల మీద కూర్చుంటే లేవలేనండి. ఆ కాళ్ళు కావు ఇవి."

ఎవరం ఏమీ అనాల్సిన పని లేకపోయింది. బడి మొత్తం వెతికినా ఇంకో కుర్చీ లేదు, ఆఫీసులో ఆయన కుర్చీ తప్ప. ఆయనే అన్నారు. "నా కుర్చీ పట్రండి."

నేనూ సోషల్ టీచరూ వెళ్ళి ఆ చక్రాల కుర్చీ దొర్లించుకొచ్చాం. గడప దగ్గర ఎత్తాల్సి వచ్చింది, బరువుగా ఉంది. ఆవిడ అందులో కూర్చుంది. మేమంతా కింద, యజమానితో సహా. ఆవిడొక్కతే పైన.

"చూడండి టీచరు గారూ," అన్నారు ఆయన, తల ఎత్తి. "మీ కాళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు. మీకో కుర్చీ వేయిస్తాను. మీ ఒక్కరికి పర్మిషన్. రేపటి నుంచి రండి, ఇంతటితో వదిలేద్దాం."

మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ పదో తరగతి ఆవిడకి దక్కింది. ఒక్క సరే అంటే చాలు. నేను లోపల స్తోత్రం మొదలుపెట్టేశాను కూడా.

"వద్దండి," అంది ఆవిడ.

"అదేంటండీ?"

"జబ్బుమనిషని కుర్చీ ఇస్తే, వచ్చే ఏడు జబ్బుమనిషనే కదండీ మానిపిస్తారు. మీరు కాకపోయినా మీ ట్రైనింగ్ ఆయన చెబుతాడు. అందరికీ వెయ్యండి. ఎప్పుడు కూర్చోవాలో ఎప్పుడు నిలబడాలో మాకు తెలుసు. లేకపోతే నాకూ వద్దు."

గొంతు పెంచలేదు. పిల్లలకి లెక్క చెప్పే గొంతే అది. చేతులు మాత్రం కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి. ఆవిడకి ఆ ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు. మాకోసం దాన్ని మళ్ళీ పణం పెడుతోంది.

"నేను కెమెరాలో చూసినప్పుడు అందరూ కూర్చునే ఉంటే?"

"కెమెరాలో పాఠం వినపడదు కదండీ," అంది సోషల్ టీచరు. "వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వినండి. మీరు నిలబడతారు, మేం కూర్చుంటాం." ఇంగ్లీషు టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా నవ్వాపుకున్నారు.

"సరే, అందరికీ వేయిస్తా," అన్నారు. ఆ తర్వాత మాటలు తొందరగానే నడిచాయి. కుర్చీలు షెడ్డు నుంచి ట్రాక్టరు మీద వచ్చేస్తాయి. అడ్మిషన్లకి మేం మళ్ళీ తిరుగుతాం, శనివారం సాయంత్రాలు. ఆదివారం వెళ్ళం. ఆ ఆదివారం మాట నేనడిగాను, ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఫొటోలు వారానికొకసారి చాలన్నారు ఆయనే. గుడి కుర్చీలు, రాముడి కోవెల కుర్చీలు, ఎవరివీ బడిలోకి రాకూడదన్నారు. రావండి అన్నాం. కాగితం ఎవరూ అడగలేదు. తోట పద్ధతిలో మాటే.

ఎదురు కొట్టు నుంచి టీలు వచ్చాయి. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని లేచి, "రేపొస్తారు కదండీ?" అన్నారు.

"పదో తరగతికి పొద్దున్నే స్పెషల్ క్లాసు ఉందండి. దానికే వచ్చేస్తాను," అంది లెక్కల టీచరు. ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, "కోణాలు ఎంతవరకూ అయ్యాయండి?" అని అడిగింది. ఆయన మొదలుపెట్టి చెబుతుంటే, ఇది అయిందా, అది అయిందా అని ఒక్కొక్కటే అడుగుతూ, ఊదుకుంటూ నెమ్మదిగా టీ తాగింది. కరస్పాండెంట్ గారికి ఆఫీసులో పనుంది, కుర్చీ కావాలి. అడగలేక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ గ్లాసు ఖాళీ అయ్యేదాకా మేమెవరం తొందర పెట్టలేదు.